ఒడ్డు ఇటువైపు

పిట్ట అసలు పేరు స్టేషన్‌లో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. చిన్నప్పుడు పుల్లలా ఉండేదని అక్క అలా పిలవడం మొదలుపెట్టింది. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది అక్కే కాబట్టి ఆమె పిలిచిన పిలుపే నిలిచిపోయింది. పెద్దయ్యాక పిట్ట రక్షణ దళంలో చేరి డ్రోను ఎగరేయడం నేర్చుకుంది. స్టేషన్‌లో వాళ్ళు కూడా ఆ పేరే పట్టుకున్నారు. "పేరుకి తగ్గ పనే దొరికింది నీకు" అని నవ్వేవాళ్ళు.

ఆ డ్రోను పిల్లలాడుకునే బొమ్మ కాదు. ఇద్దరు పట్టుకుంటే గానీ వ్యానులోంచి దిగేది కాదు. దాని కడుపు కింద ఒక లౌడ్‌స్పీకరు, అటూ ఇటూ రెండు ఫోకస్ లైట్లు, ముందు రెండు కెమెరాలు. ఒకటి మామూలుది, రెండోది ఒంటి వేడిని పట్టి చూపించేది. పిట్ట కింద నిలబడి మైకు నొక్కి మాట్లాడితే ఆ మాట పైనుంచి వీధి వీధంతా మోగేది. కిందివాళ్ళు ఏమన్నా మాత్రం పిట్టకి వినపడేది కాదు. దానికి నోరుంది గానీ చెవుల్లేవు.

ఆ నోటివల్లే అక్కాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

కిందటి వానాకాలంలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఒడ్డు వెంబడి అక్కావాళ్ళు ఉండే రేకుల ఇళ్ళ వరుస మీద పిట్ట డ్రోను తిప్పింది. "అందరూ ఖాళీ చేయండి. గాలి తగ్గగానే ఎవరిళ్ళకి వాళ్ళు వచ్చేయొచ్చు" అని చెప్పింది. ఆ మాట పైవాళ్ళు రాసిచ్చిందే. పిట్ట నమ్మింది. మన పిల్లే చెబుతోంది కదా అని జనమూ నమ్మి, పిల్లల్నీ గిన్నెల్నీ పట్టుకుని కదిలారు. తుఫాను దారి మార్చుకుని ఎటో పోయింది. వీళ్ళు తిరిగొచ్చేసరికి ఇళ్ళు లేవు. ప్రమాదకరమైన కట్టడాలని చెప్పి యంత్రాలు పెట్టి నేలమట్టం చేసేశారు. అందరికీ ఊరవతల, సముద్రం కనపడని చోట, మేడ మీద మేడగా కట్టిన గదులు ఇచ్చారు.

అక్క అత్తగారు పెద్ద నోరున్న మనిషి. తర్వాత ఎప్పుడో డ్రోను అటువైపు వెళితే కాలి చెప్పు తీసి దాని మీదకి విసిరింది. అది గురితప్పి టీ కొట్టువాడి మరిగే గిన్నెలో పడింది. చూసినవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. నేరుగా పిట్ట గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మమ్మల్ని వెళ్ళగొట్టడానికి వాళ్ళకి నీ గొంతే దొరికిందా?"

"నాకు తెలీదక్కా. నిజంగా తెలీదు."

"తెలీనప్పుడు నోరు మూసుకుని ఉండాలి."

అంతే. ఆ తర్వాత దారిలో ఎదురుపడినా అక్క తల తిప్పుకునేది.

ఇళ్ళు పోయినా పని మారలేదు. ఆ రేకుల ఇళ్ళ ఆడవాళ్ళంతా గుల్లలు ఏరేవాళ్ళు. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గగానే మైళ్ళ పొడవున బయటపడే ఒండ్రు నేల మీదికి దిగేవాళ్ళు. నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడు చివర ప్లాస్టిక్ టబ్బుని జారించుకుంటూ లోపలిదాకా పోయి, పోటు మొదలవకముందే ఒడ్డుకి చేరేవాళ్ళు.

ఆ చలికాలపు మధ్యాహ్నం వాళ్ళు లోపల ఉండగానే పొగమంచు కమ్మేసింది. కాలికి గుల్ల కోసుకుని ముందే వెనుదిరిగిన ఒకామె కుంటుకుంటూ స్టేషన్‌కి వచ్చి పడింది.

"మావాళ్ళు తొమ్మండుగురు లోపలే ఉండిపోయారు. చేయి చాపితే చేయి కనపడట్లేదు. ఇంకాసేపట్లో పోటు మొదలవుతుంది."

"ఎవరెవరు?" అంది పిట్ట.

"మీ అక్క. వాళ్ళత్త..." ఆమె ఇంకా చెబుతూనే ఉంది గానీ పిట్ట చెవికి ఏమీ ఎక్కలేదు. అప్పటికే వ్యాను తలుపు లాగుతోంది.

ఒడ్డుకి చేరేసరికి సముద్రమూ లేదు, ఆకాశమూ లేదు. తడి దూది లాంటి తెలుపు ఒక్కటే ఉంది. వ్యాను డ్రైవరు హారను కొట్టి ఆగి, కొట్టి ఆగి చూశాడు. ఆ మోత నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంది, దాన్ని పట్టుకుని ఎవరూ రాలేరు. పడవ నడిపేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు గానీ, నీళ్ళు నడుము లోతు వస్తే తప్ప పడవ ఒండ్రులో కదలదు. అంత లోతు వచ్చేసరికి లోపలున్న వాళ్ళ సంగతి ఏమిటో ఎవరూ పైకి అనలేదు.

"మనుషుల్ని నడిపించి పంపితే వాళ్ళనీ వెతుక్కోవాల్సి వస్తుంది" అన్నాడు ఆఫీసరు. "నువ్వే చూడాలి పిట్టా."

డ్రోను లేచింది. పిట్ట లైట్లు వేసి చూసింది. వెలుగు మంచుకి తగిలి వెనక్కి కొట్టి, రిమోటు తెర నిండా తెల్లగోడ నిలబడింది. లైట్లు ఆపేసి వేడి కెమెరాకి మారింది. బూడిదరంగు నేల, అందులో అక్కడక్కడ నల్లటి చారలు. ఆ చారలు చల్లని నీళ్ళు. అవి కదులుతున్నాయి.

వెతగ్గా వెతగ్గా తెర అంచున తెల్లటి బియ్యపుగింజల్లా కొన్ని చుక్కలు కనిపించాయి. పిట్ట లెక్కపెట్టింది. ఏడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఏడే. ఆ ఏడుగురూ ఒకరి వెనక ఒకరు, టబ్బులు ఈడ్చుకుంటూ, గబగబా సముద్రం వైపుకి నడుస్తున్నారు.

"సార్, లోపలికి పోతున్నారు. అదే ఒడ్డు అనుకుంటున్నారు."

"ప్రకటన చెయ్యి."

పిట్ట మైకు నొక్కి, నేర్పిన మాటలే చెప్పింది. ఇది రక్షణ దళం. దయచేసి ఆగండి. వెలుగును అనుసరించండి. తెర మీద తలలు పైకి లేచాయి. ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత ఏడుగురూ ఇంకా వేగంగా అటే నడవడం మొదలుపెట్టారు. ఒకామె వంగి బురద ముద్ద తీసి పైకి విసిరింది కూడా.

వాళ్ళకి ఆ గొంతు తెలుసు. తెలుసు కాబట్టే పారిపోతున్నారు.

"నా మాట నమ్మరు సార్."

"నమ్మినా నమ్మకపోయినా చెబుతూనే ఉండు."

పిట్ట డ్రోనుని వాళ్ళ తలల మీదకంటా దించింది. ఇంకొంచెం దిగితే రెక్కలు తగిలేంత కిందికి. లైట్లు వాళ్ళ పాదాల మీదికి వంచింది. అంత దగ్గర నుంచి వేస్తే వెలుగు మంచుని దాటి నేల మీద చాపంత మేర పరుచుకుంది.

"నేను పిట్టని" అంది. "నామీద కోపం అలాగే ఉంచుకోండి. ఒడ్డుకొచ్చి తిట్టండి, కొట్టండి, మీ ఇష్టం. నన్ను నమ్మక్కర్లేదు. మీ కాళ్ళ కింద చూడండి. లైటు వేశాను, చూడండి. నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి? మీరు పోతున్న వైపు నుంచే కదా వస్తున్నాయి?"

అందరికంటే ముందున్న లావుపాటి ఆమె ఆగింది. మామూలు కెమెరాలో ఇప్పుడు ఆమె తలపాగా కూడా కనిపిస్తోంది. వెలుగులో పల్చటి నీటి నాలుకలు ఒండ్రు మీద జారుకుంటూ ఆమెకి ఎదురుగా వస్తున్నాయి. ఆమె వంగి అరచేయి నీళ్ళకి ఆనించి కాసేపు అలాగే ఉంది. అప్పుడు నిటారుగా లేచి వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళూ తిరిగారు.

"టబ్బులు వదిలేయండి. లైటు పడినచోటే అడుగేయండి. ఒడ్డు ఇటువైపు."

కానీ వాళ్ళు కదల్లేదు. చేతులు ఊపుతున్నారు. నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒకామె ఏడుస్తోంది. పిట్టకి ఒక్క ముక్క వినపడదు. తొమ్మండుగురు వెళ్ళారని అప్పుడు గుర్తొచ్చింది.

"ఎవరైనా వెనకబడిపోయారా? అవునంటే రెండు చేతులూ ఎత్తండి."

ఏడుగురూ రెండేసి చేతులు ఎత్తారు.

"ఎటువైపు?"

ఏడుగురూ ఏడు వైపులకి చూపించారు.

అక్కడే ఉండమని చెప్పి పిట్ట డ్రోనుని పైకి లేపింది. బూడిదరంగు నేలంతా గాలించింది. నల్లటి చారలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయి. ఎన్ని చుట్లు తిరిగిందో తనకే తెలియదు. చివరికి ఒక నీటిపాయకి అవతల రెండు చుక్కలు కనిపించాయి. ఒకటి నిలువుగా, రెండోది పొట్టిగా, సగం మనిషిలా.

నిలువుగా ఉన్న మనిషి ఒక చేయి నడుము మీద పెట్టుకుని ఉంది. పిట్టకి ఇక మొహం కనపడక్కర్లేదు. చిన్నప్పుడు స్నానానికి రమ్మంటే పారిపోతున్న తనకోసం అక్క సరిగ్గా అలాగే నిలబడి చూసేది.

దగ్గరికి దించి లైటు వేసింది. అత్త తొడల దాకా ఊబిలో దిగిపోయి ఉంది. అక్క తల పైకెత్తింది. మొహం నిండా ఒండ్రు. వెలుగుకి కళ్ళు చికిలించి చూస్తోంది.

"అక్కా, లాగకు. లాగితే ఇంకా దిగుతుంది. అత్తయ్యా, నా మాట వినండి. పడక్కుర్చీలో కూచున్నట్టు వెనక్కి వాలండి. పూర్తిగా వాలండి, భయం లేదు. ఒక్కో కాలూ మెల్లగా కదపండి. అక్కా, టబ్బు వీపు కింద పెట్టు."

అత్త ఎవరు చెప్పినా వినే రకం కాదు. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. అలాంటిది వెంటనే వెనక్కి వాలింది. అక్క మోకాళ్ళ మీద పడి, చేతులతో ఆమె కాళ్ళ చుట్టూ ఒండ్రు తోడుతోంది. తోడినంత మేరా మళ్ళీ పూడిపోతోంది.

"బ్యాటరీ సగం అయిపోయింది" అన్నాడు ఆఫీసరు భుజం వెనక నుంచి. "ముందు ఆ ఏడుగురినీ తీసుకురా."

"సార్..."

"వాళ్ళు మళ్ళీ నడవడం మొదలుపెడితే మొత్తం అందరూ పోతారు పిట్టా. వాళ్ళని తెచ్చి, బ్యాటరీ మార్చుకుని వెళ్ళు."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. అదే ప్రాణాన్ని తినేస్తోంది. పిట్ట మైకు నొక్కింది.

"అక్కా, వాళ్ళని ఒడ్డుకి చేర్చి వచ్చేస్తా. ఆ చోటు వదలొద్దు. ఖచ్చితంగా వస్తా."

అక్క లేచి నిలబడింది. చేయెత్తి ఊపింది. సరిగ్గా అప్పుడే మంచు తెర ఒకటి అడ్డొచ్చి మామూలు కెమెరాలో అంతా తెల్లగా అయిపోయింది. వేడి కెమెరాలో ఆ చేయి ఒక తెల్లని గీత, ఇటూ అటూ కదులుతున్న గీత. రమ్మని ఊపినా, పొమ్మని ఊపినా తేడా వేళ్ళలోనే ఉంటుంది. ఆ కెమెరాకి వేళ్ళు కనపడవు.

పిట్ట డ్రోనుని తిప్పేసింది.

ఏడుగురూ చెప్పిన చోటే, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఉన్నారు. మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చేశాయి. పిట్ట లైటుని నేలకి ఆనించినట్టుగా పెట్టి, గుల్లముక్కలు గట్టిపడిన మెరక వెంబడి నడిపించడం మొదలుపెట్టింది. "ఎడమకి. ఇంకొంచెం ఎడమకి. అక్కడ గుంట ఉంది, ఆగండి. ఇప్పుడు రండి." వాళ్ళు వెలుగు మీదనుంచి చూపు తిప్పకుండా నడుస్తున్నారు.

అప్పుడే బావ పరుగెత్తుకొచ్చాడు. ఒడ్డునున్న ఐసు ఫ్యాక్టరీలో పని అతనిది. రబ్బరు గౌను కూడా విప్పకుండా వచ్చేశాడు.

"ఏదీ మా అమ్మ? మీ అక్క ఎక్కడుంది?"

ఆఫీసరు చెప్పాడు. బావ తెర వైపు చూశాడు. తెర మీద ఏడుగురు నడుస్తున్నారు. అతనికి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"వాళ్ళనొదిలేసి వచ్చావా?"

"వీళ్ళు చేరగానే వెళతాను బావా. వెలుగు లేకపోతే వీళ్ళు మళ్ళీ దారి తప్పుతారు."

"వీళ్ళకి కాళ్ళున్నాయి! నడుస్తున్నారు! మా అమ్మ కదల్లేదు! తిప్పు, దాన్ని వెనక్కి తిప్పు!"

బావ చేయి రిమోటు మీద పడింది. తెర మీద నేల గిర్రున తిరిగింది, వెలుగు నీళ్ళ మీదికి పోయింది. డ్రైవరూ ఆఫీసరూ కలిసి బావని వెనక్కి లాగారు. పిట్ట డ్రోనుని నిలబెట్టి చూసుకునేసరికి తన బొటనవేలు మైకు మీదే ఉందని తెలిసింది. బావ కేకలన్నీ ఆకాశంలోంచి ఆ ఆడవాళ్ళ మీద పడ్డాయి.

వాళ్ళు ఆగిపోయారు. వెనక్కి చూస్తున్నారు. ఒకామె గుంపులోంచి చేయి విడిపించుకుని, వచ్చిన దారినే పోబోతోంది.

"వద్దు! వెళ్ళొద్దు!" పిట్ట అరిచింది. "మీరు వెళితే ఎవరూ మిగలరు. నేను వెళతాను. మా అక్క అక్కడ. మీరు ఒడ్డెక్కితేనే నేను వెళ్ళగలను. దండం పెడతాను, నడవండి."

లావుపాటి ఆమె ఆ పోబోతున్న మనిషి జబ్బ పట్టుకుని లాగింది. మళ్ళీ కదిలారు. ఈసారి నడక కాదు, నీళ్ళు చిమ్ముకుంటూ పరుగు.

బావ వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. "నీకు అది అక్క కాదా?" అన్నాడు. కేక వేసి అనలేదు, నిజంగానే అడుగుతున్నట్టు అడిగాడు. పిట్ట తెర మీద నుంచి చూపు తిప్పలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుంది. ఏడిస్తే తెర కనపడదు.

మంచులోంచి మొదటి ఆకారం బయటపడేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళు నీళ్ళలోకి ఉరికి వాళ్ళని ఎత్తుకొచ్చారు. ఏడుగురూ వచ్చారు. వాళ్ళ వైపు చూడనైనా చూడకుండా పిట్ట డ్రోనుని దించి బ్యాటరీ మార్చింది. వేళ్ళు కొంకర్లు పోయి గొళ్ళెం పడట్లేదు. డ్రైవరు తన చేత్తో నొక్కి బిగించాడు.

మళ్ళీ లేచింది. అప్పటికి వెలుతురు తగ్గిపోతోంది. గాలి మొదలై మంచు పొరలు పొరలుగా చిరుగుతోంది. పాయ దాటి, ఆ చోటికి వచ్చింది. వచ్చానని యంత్రం చెబుతోంది. కింద నేల లేదు. నలుపు. కదులుతున్న నలుపు. తెల్లచుక్క ఒక్కటి కూడా లేదు.

"ఇదే చోటా?" అన్నాడు బావ. ఎప్పుడు లేచొచ్చాడో.

"ఇదే."

"సరిగ్గా చూడు."

"ఇదే బావా."

ఇక దాచేదేం లేదు. మైకు నొక్కి "అక్కా!" అని అరిచింది. "అక్కా! పైకి చూడు! చేయెత్తు!" ఆ అరుపు నీళ్ళ మీద ఎంత దూరం పోయిందో, ఎవరైనా విన్నారో లేదో తెలిసే దారి లేదు. పడవ దిగింది. నడిపేవాడు వైర్లెస్సులో అడుగుతున్నాడు: "ఎటు రావాలి? ఏమీ కనపడట్లేదు. ఎటు?" ఏం చెప్పాలి? పోటు లోపలికి తోస్తుంది కాబట్టి తేలుతున్నదేదైనా ఒడ్డు వైపుకే రావాలి. కానీ పాయ దగ్గర నీళ్ళు పక్కకి లాగుతాయి. పిట్ట ఆ లాగుడు వెంబడి డ్రోనుని మెల్లగా నడిపించింది. లైట్లు నీళ్ళ మీద అటూ ఇటూ ఊడ్చినట్టు తిప్పింది. కర్రముక్క. నురుగు. విరిగిన బుట్ట. మళ్ళీ నురుగు. ఒకవేళ వెనక్కి తిరగకుండా అక్కడే ఉండి ఉంటే? వీళ్ళు ఏడుగురూ పోయి ఉండేవాళ్ళేమో. పోయి ఉండేవాళ్ళు కాదేమో. ఎవరు చెప్పగలరు?

"అది నీలంగా ఏంటి?" అన్నాడు బావ.

టబ్బు. ఒకదానిలో ఒకటి దూర్చి తాడుతో కట్టిన రెండు టబ్బులు. వాటి అంచు మీద ఒక చేయి. నీళ్ళలో నాని, వెచ్చదనం పోయి, వేడి కెమెరాకి అందనంత చల్లబడిపోయిన చేయి. ఫోకస్ లైటు దాని మీద పడగానే వేళ్ళు కొంచెం కదిలాయి.

పిట్ట లైట్లని అక్కడే ఆపింది. "పడవా! వెలుగు ఆగిన చోటికి రండి! నేరుగా వెలుగు దగ్గరికి!" ఆ తర్వాత మైకులో మెల్లగా, ఒకే మాట చెబుతూ ఉండిపోయింది. "వస్తున్నారక్కా. పట్టుకో. వదలకు. వస్తున్నారు. పట్టుకో."

పడవవాళ్ళు టబ్బుతో సహా మనిషిని లోపలికి లాగారు. ఒక్క మనిషినే.

"రెండో ఆమె?" అని ఆఫీసరు వైర్లెస్సులో అడిగాడు. కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆ తర్వాత, "లేదు సార్. ఈమె ఒక్కతే" అని వినిపించింది. బావ వ్యానుకి నుదురు ఆనించి నిలబడిపోయాడు.

తెల్లారాక ఆటు వచ్చింది. ఎండ కాసింది. నిన్న ఏమీ జరగనట్టు ఒండ్రు నేల మెరుస్తోంది. ఆసుపత్రిలో అక్కకి ప్రాణభయం లేదన్నాక బావ ఒడ్డుకి వచ్చాడు. స్ట్రెచరు పట్టుకున్న వాళ్ళతో పాటు తనూ దిగుతానన్నాడు. ఇంకెవరినైనా పెడతాను, నువ్వు ఇంటికి పోయి పడుకో అని ఆఫీసరు చెప్పినా పిట్ట వినలేదు. తనే డ్రోను లేపింది.

ఇప్పుడు వెతకడానికి కష్టమేమీ లేదు. పాయ అవతల, అదే చోట అత్త కనిపించింది. పిట్ట డ్రోనుని పక్కకి ఆపింది. మైకు నొక్కింది.

"బావా, నేరుగా రా. అక్కడ మెత్తగా ఉంది, కుడి నుంచి చుట్టు తిరుగు. కొంచెం ఎడమకి. అదిగో."

బావ ఆ గొంతు చెప్పినట్టే నడిచాడు. అత్త వెనక్కి వాలి, పడక్కుర్చీలో కునుకు తీస్తున్నట్టుగా ఉంది. నడుము దగ్గర తాడు కోసేసి ఉంది. బావ ఆమె పక్కన మోకాళ్ళ మీద కూచుని, మొహం మీది ఒండ్రు తన చేతులతో తుడిచాడు. నలుగురూ కలిసి పలకలు వేసి తవ్వి తీశారు. తిరిగొచ్చేటప్పుడు గట్టినేల చూపిస్తూ డ్రోను వాళ్ళకి ముందు ఎగిరింది.

సాయంత్రం పిట్ట ఆసుపత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. అక్క పెదాలు ఇంకా నల్లగానే ఉన్నాయి. అరచేతులకి కట్లు. చెల్లెల్ని చూసి మంచం మీద కాస్త పక్కకి జరిగింది.

పిట్ట కూచుంది.

"అత్తకి ఒక కాలు వచ్చేసింది" అంది అక్క. "నువ్వు చెప్పినట్టే వాలి, కదిపి, ఒక కాలు బయటికి తీసింది. రెండోది రాలేదు. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. తల పట్టుకుని పైకి ఎత్తి ఉంచాను. గడ్డం దాకా వచ్చాయి. అప్పుడు నా నడుముకున్న తాడు తన నడుముకి కట్టి ఉంటే, కత్తితో కోసేసింది. గుల్లలు తెరిచే కత్తి. టబ్బులు పట్టుకుని పోవే అంది."

"నువ్వేమన్నావు?"

"పోనన్నాను. దానికి తిట్టిందే, ఎన్ని తిట్లు తిట్టిందో! నోట్లోకి నీళ్ళు పోతున్నా తిడుతూనే ఉంది." అక్క మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి అక్కడే విరిగిపోయింది. "'నా ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నా మాట ఒక్కటైనా విన్నావా? ఇదొక్కటి విని చావు' అంది. విన్నాను. వినేశాను పిట్టా."

పిట్ట కట్లున్న చేతిని పట్టుకోవాలా వద్దా తెలియక, దుప్పటి మీద తన చేయి పెట్టి ఊరుకుంది. కాసేపయ్యాక, నిన్నటి నుంచీ లోపల తొలుస్తున్నది అడిగేసింది.

"నేను వెళుతున్నప్పుడు చేయి ఊపావు కదక్కా. పొమ్మనా?"

అక్క కట్లు కట్టిన తన చేతుల వైపు చూసుకుంది. అబద్ధం చెప్పడానికి వీలైన క్షణం అది. పిట్టకి అది తెలుసు. చెబితే బాగుండునని కూడా ఉంది.

"కాదు" అంది అక్క. "ఉండమని. పోవద్దని ఊపాను. భయమేసింది. నువ్వు వెలుగు తీసుకుపోతే ఏమీ కనపడలేదు. అత్త మొహం కూడా కనపడలేదు. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను."

పిట్ట తల వంచుకుంది.

"వాళ్ళు ఏడుగురూ పొద్దున్న వచ్చి వెళ్ళారు" అంది అక్క. "ఇక్కడే, ఈ మంచం చుట్టూ నిలబడ్డారు. వాళ్ళని చూశాక నువ్వు తప్పు చేశావని అనలేను. కానీ మంచిపని చేశావని ఇప్పుడే నా నోటితో అనిపించకు. అది రాదు."

"వద్దులే అక్కా."

బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. బావ టీ ఫ్లాస్కుతో వచ్చాడు. గుమ్మంలో పిట్టని చూసి ఆగాడు. లోపలికి వచ్చి రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అక్క నోటికి అందించి, రెండోది పిట్ట పక్కన బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

అక్క దిండు మీద తల అటూ ఇటూ దొర్లించింది.

"తల్లో ఇంకా ఒండ్రు ఉంది. దురద పెడుతోంది. ఈ చేతులతో నావల్ల కావట్లేదు. దువ్వవే."

పిట్ట నర్సుని అడిగి దువ్వెన తెచ్చుకుంది. అక్క భుజాల కింద తువ్వాలు పరిచి, జుట్టు విప్పి, పాయ పాయగా విడదీసి దువ్వసాగింది. ఎండిన ఒండ్రు పొడి పొడిగా తువ్వాలు మీద రాలింది. చిక్కు దగ్గర కొంచెం గట్టిగా లాగితే అక్క "అబ్బా, మెల్లగా" అంది. పిట్ట మెల్లగా దువ్వింది.